ఐఫోన్ 18 ప్రోలో 6 జీబీపీఎస్ మోడెమ్? ఆ స్పీడ్ ధర్మవరం దాకా వస్తుందా!

విడుదలకు ముందే ఫోన్ ఫీచర్లు లీక్ కావడం కొత్తేం కాదు. కానీ ఐఫోన్ 18 ప్రో విషయంలో కెమెరాతో పాటు మోడెమ్ కూడా హాట్ టాపిక్ అయింది. ఫోన్‌ను టవర్‌తో కలిపే చిప్ ఇదే.

క్వాల్‌కామ్‌పై ఆధారపడకుండా సొంత మోడెమ్‌లు వాడాలన్నది యాపిల్ ప్లాన్. మొదటిది సీ1, 2025 ఫిబ్రవరిలో ఐఫోన్ 16ఈతో వచ్చింది. అందులో ఎంఎంవేవ్ 5జీ లేదు. 2026 ఐఫోన్ల కోసం తయారవుతున్న తర్వాతి మోడెమ్‌లో ఎంఎంవేవ్ ఉంటుందని, డౌన్‌లోడ్ స్పీడ్ 6 జీబీపీఎస్ వరకు వెళ్తుందని 2024 డిసెంబర్‌లోనే బ్లూమ్‌బర్గ్ రాసింది. ఇది యాపిల్ అధికారికంగా చెప్పిన మాట కాదు.

వినడానికైతే అదిరింది. మరి ధర్మవరంలో మగ్గం పక్కనే నిలబడి, హైదరాబాద్ కస్టమర్‌కు వీడియో కాల్‌లో పట్టుచీర అంచు చూపించే వ్యాపారికి దీంతో ఒరిగేదేంటి?

నిజం చెప్పాలంటే, దాదాపు ఏమీ లేదు. ఎంఎంవేవ్ సిగ్నల్ కొన్ని వందల మీటర్లకే పరిమితం. గోడ అడ్డొస్తే ఆగిపోతుంది, చెయ్యి అడ్డుపెట్టినా బలహీనపడుతుంది. పైగా ఐఫోన్ 12 నుంచి ఎంఎంవేవ్ యాంటెన్నాలు ప్రధానంగా అమెరికా మోడళ్లకే పెడుతున్నారు. ఇండియాలో అమ్మే ఫోన్లకు అవి రాలేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ 6 జీబీపీఎస్ డౌన్‌లోడ్ లెక్క. చీర చూపించేవాళ్లకు కావాల్సింది అప్‌లోడ్. టవర్‌తో పోలిస్తే ఫోన్ పంపే సిగ్నల్ చాలా చిన్నది. అందుకే టవర్ దూరమయ్యే కొద్దీ ముందు దెబ్బతినేది అప్‌లోడే. మనకు వీడియో బాగానే కనిపిస్తుంటుంది, అవతలివాళ్లేమో ‘బొమ్మ ఆగిపోయింది’ అంటుంటారు.. కారణం చాలాసార్లు ఇదే. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఒకే దారిని వంతులవారీగా పంచుకుంటాయి. అందులో ఎక్కువ వాటా డౌన్‌లోడ్‌దే.

ఇంటి లోపలికి, ఊరి చివరికి చేరేది 700 మెగాహెర్ట్జ్. 2022 వేలంలో దీన్ని కొన్నది జియో ఒక్కటే. 5జీలో దాని పేరు ఎన్28. బీఎస్ఎన్ఎల్ 4జీ కూడా 700 వాడుతోంది, అక్కడ పేరు బ్యాండ్ 28. రెండూ ఫోన్ స్పెసిఫికేషన్లలో వేర్వేరుగా ఉంటాయి. ఒకటి ఉంది కదా అని రెండోది ఉన్నట్టు కాదు. లీకుల్లో వీటి ఊసే పెద్దగా కనిపించదు.. జీబీపీఎస్ లాంటి మెరుపు వీటికి లేదు మరి!

హార్డ్‌వేర్ ఉన్నంత మాత్రాన పని అయిపోదు కూడా. 2020లో ఐఫోన్ 12 కొన్నవాళ్ల చేతిలో 5జీ చిప్ ఉంది. దేశంలో 5జీ మొదలైంది 2022 అక్టోబర్‌లో. ఆ ఫోన్లకు అది అందింది డిసెంబర్‌లో, ఐఓఎస్ 16.2 అప్‌డేట్ వచ్చాకే.

లీకులు తేదీలు తప్పడం కూడా మామూలే. ఐఫోన్ 13లోనే శాటిలైట్ కనెక్టివిటీ ఉంటుందని 2021లో విశ్లేషకుడు మింగ్-చీ కువో అంచనా వేశారు. అది వచ్చింది ఐఫోన్ 14తో. 2022 నవంబర్‌లో సేవ మొదలైంది అమెరికా, కెనడాల్లోనే.

కాబట్టి ఈఎంఐ పెట్టి కొనాలనుకుంటే లాంచ్ దాకా ఆగండి. కొత్త ఫోన్ వచ్చాక ఏ మోడల్‌లో ఏ బ్యాండ్లు ఉన్నాయో యాపిల్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. చూడాల్సింది ఇండియా మోడల్ నంబర్ ఎదురుగా ఉన్న వరుస. యూట్యూబ్‌లో అమెరికా ఫోన్‌తో చేసిన స్పీడ్ టెస్ట్ కాదు.