ఆటా? బొమ్మల కొలువా?

ముందే చెప్పేస్తాను: ఎవర్‌డెల్‌కి వచ్చిన ఎక్స్‌పాన్షన్లు ఆ ఆటని బాగుచెయ్యలేదు. విడివిడిగా చూస్తే కొన్ని ముచ్చటగానే ఉంటాయి. అన్నీ కలిసి మాత్రం ఒక మంచి ఆటని బల్ల మీంచి దింపి బీరువా మీదకి ఎక్కించాయి. ఈ మాట అనే హక్కు నాకుంది. ఐదూ డబ్బులు పోసి కొన్నవాణ్ణి నేనే కాబట్టి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎవర్‌డెల్ 2018లో స్టార్లింగ్ గేమ్స్ తెచ్చిన బోర్డ్ గేమ్. రూపకర్త జేమ్స్ ఎ. విల్సన్, బొమ్మలు ఆండ్రూ బాస్లీవి. ఒక అడవి లోయలో ఉడతలు, ఎలుకలు, తాబేళ్ళు, ముళ్ళపందులు ఊళ్ళు కట్టుకుంటాయి. పుల్లలు, బంక, గులకరాళ్ళు ఉంటే కట్టడాలు లేస్తాయి. పళ్ళు ఇస్తే జీవాలొచ్చి కాపురం పెడతాయి. చలికాలంలో ఇద్దరు పనివాళ్ళతో మొదలై, ఆకులు రాలేకాలానికి ఆరుగురితో ముగుస్తుంది. ఊరు ఎంత పెరిగినా పదిహేను కార్డులకే చోటు.

నా దృష్టిలో ఆటంతా ఆ పదిహేనులో ఉంది. మొదటి సగంలో 'ఏమీ కట్టలేకపోతున్నానే' అని ఏడుస్తాం. రెండో సగంలో 'ఇంకెక్కడ పెట్టను' అని ఏడుస్తాం. ఆ రెండు ఏడుపుల మధ్యే మజా. చోటు తక్కువ కాబట్టే ఏది వదులుకోవాలో తేల్చుకోవాలి, తేల్చుకోవాలి కాబట్టే అది ఆట.

సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఈ ఆట ఆడేది నలుగురం. నేను, మా ఆవిడ, మా బావమరిది, అమ్మ. అమ్మ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైంది. పుట్టిల్లు దివిసీమలో, కాలవ చివర. బోర్డ్ గేమ్ అంటే ఆవిడకి అష్టాచెమ్మా ఒక్కటే. అయినా మొదటి శనివారం అరగంటలో ఎవర్‌డెల్ పట్టేసింది. పొలం కార్డు వేస్తే మొగుడో పెళ్ళామో ఉచితంగా వస్తారు, ఇద్దరూ కలిస్తే ఊళ్ళో ఒకటే చోటు చాలు అని చెప్తే, "ఈ రూలు రాసినవాడు సంసారం చేసినవాడేరా" అంది. ఫూల్ అని ఒక కార్డుంది. దాన్ని మన ఊళ్ళో కాదు, ఎదుటివాడి ఊళ్ళో వెయ్యాలి. వాడికి రెండు పాయింట్లు పోతాయి, ఒక చోటు కూడా దండగ. అమ్మ చేతికి ఆ కార్డొస్తే పోస్ట్‌మాన్‌లా తిన్నగా నా ఊరికే వచ్చేది. ఆ మే నెలంతా, ఫ్యాన్ గాలికి ఎగిరిపోయే కార్డుల మీద రూపాయి బిళ్ళలు పెట్టుకుని ఆడాం.

అంత బాగుంటే ఆగాలిగా. ఆగలేదు. మేమెవరమూ విసుగెత్తక ముందే నేను పర్ల్‌బ్రుక్ తెప్పించాను.

2019లో వచ్చిన ఈ మొదటి ఎక్స్‌పాన్షన్‌లో నది ఉంది, కప్ప రాయబారి ఉంది, ముత్యాలున్నాయి. ముత్యం కోసం కప్పని నదికి పంపాలి, పంపాలంటే ఊళ్ళో ఫలానా రకం కార్డులు ఇన్ని ఉండాలి. వచ్చిన ముత్యాలతో పెద్ద పెద్ద కట్టడాలు కట్టొచ్చు. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ పాత ఆటలోని నాలుగు సరుకులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే, ఈ ఐదోది పక్కన కూర్చున్న చుట్టంలా ఉంటుంది. దాని లెక్క దానిదే.

2020లో స్పైర్‌క్రెస్ట్. ప్రతి రుతువుకీ ఒక వాతావరణం కార్డు వచ్చి రూల్స్ మారుస్తుంది, కొండల్లో ప్రయాణం, ఎక్కి తిరగడానికి పెద్ద జంతువులు. ఐదింటిలో నాకు నచ్చిన ఆలోచన ఈ వాతావరణమే. ఒక్క కార్డు తిప్పితే అందరి లెక్కా మారుతుంది. దాన్నొక్కదాన్నే అమ్మితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. అదే ఏడాది బెల్‌ఫేర్: ఆరుగురిదాకా ఆడొచ్చు, జీవానికో ప్రత్యేక శక్తి. నలుగురికే రెండు గంటలు పట్టే చోట ఆరుగురంటే, మన వంతు వచ్చేలోపు వంట చేసుకుని రావచ్చు. 2022లో న్యూలీఫ్: రైల్వే స్టేషన్, టికెట్లు, సందర్శకులు. బెజవాడలో ఉండేవాడికి ఇంకో రైల్వే స్టేషన్ ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు.

అమ్మ ముత్యాలని భరించింది, కొండల్ని భరించింది. ఒక శనివారం స్టేషన్ బోర్డు పెట్టడానికి బల్ల మీద చోటు లేక మంచినీళ్ళ జగ్గు కింద పెడుతుంటే, ఆవిడ అంది: "నా వంతు మా శివారు పొలానికి నీళ్ళొచ్చినట్టు వస్తోందిరా." అందరం నవ్వాం. ఆ తర్వాతి వారం, "నాకెందుకులే నాన్నా, మీరు ఆడుకోండి" అని లోపలికెళ్ళి టీవీ పెట్టుకుంది.

ఆ మాటలోని లెక్క డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో అది తెగాక 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద ఇవాళ సుమారు 13 లక్షల ఎకరాలు. ఇన్నేళ్ళుగా కాలవ చివరి రైతు అడిగే ప్రశ్న ఒకటే: పైన ఇంకో తూము పెడితే సాగు పెరిగిందని రాసుకుంటారు సరే, కాలవలో నీళ్ళు పెరిగాయా? బల్ల మీద నీళ్ళంటే ధ్యాస. ఒక శనివారం సాయంత్రానికి ఒక కుటుంబం దగ్గర ఉండేది రెండు మూడు గంటల ధ్యాస. ఎక్స్‌పాన్షన్ కొత్త తూములు పెడుతుంది గానీ కొత్త నీళ్ళు తేలేదు. మొదట ఎండేది ఎప్పుడూ శివారే. ఇక్కడ శివారంటే ఆటలోకి ఆఖరున వచ్చినవాళ్ళు, కళ్ళజోడు సవరించుకుని కార్డు చదివేవాళ్ళు, వారమంతా రూల్స్ వీడియోలు చూడనివాళ్ళు.

మిస్ట్‌వుడ్ సంగతి చెప్పనే లేదు. అదీ 2022దే. ముఖ్యంగా ఒంటరిగానో ఇద్దరుగానో ఆడేవాళ్ళ కోసం నైట్‌వీవ్ అనే సాలీడుని ప్రత్యర్థిగా ఇస్తుంది. ఒంటరిగా ఆడేవాళ్ళని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. కానీ మా ఇంట్లో జరిగిన వరస చూడండి: నాలుగు పెట్టెలు కలిసి మనుషుల్ని ఒక్కొక్కరినే లేపేస్తే, ఐదో పెట్టెలో ఖాళీ కుర్చీలో కూర్చోడానికి సాలీడొచ్చింది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒకప్పుడు నేను చెప్పినవే.

మొదటిది: "ఇష్టం లేకపోతే కలపకు, ఎవరు బలవంతం చేశారు?" నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. 'ఆప్షనల్' అన్న మాటని మేం ఎలా వాడతామో నాకు తెలుసు. ఐదు ఎక్స్‌పాన్షన్లంటే, ఉంచేవీ తీసేసేవీ లెక్కేస్తే ముప్ఫై రెండు రకాల ఆటలు. అమ్మేవాళ్ళు దీన్ని వైవిధ్యం అంటారు. మా ఆఫీసులో ముప్ఫై రెండు రకాలుగా నడిచే ప్రోగ్రామ్‌ని ఎవరూ పూర్తిగా పరీక్షించలేరంటాం. ఇక్కడా అంతే, ముప్ఫై రెండిట్లో ఒక్కదాన్నైనా చేతికి అలవాటయ్యేంతగా ఆడం. పైగా డబ్బు పెట్టి కొన్నది ఆప్షనల్‌గా ఉండదు. బీరువా మీంచి చూస్తూ ఉంటుంది.

రెండోది: "అసలు ఆట యాభైసార్లు ఆడితే పాతబడుతుంది." యాభైసార్లు ఆడినవాడు చెప్తే వింటాను. నేను పర్ల్‌బ్రుక్ కొన్ననాటికి తొమ్మిదిసార్లు ఆడాం. నాకు పాతబడింది ఆట కాదు, కొన్నప్పటి సంతోషం. అష్టాచెమ్మా చూడండి. ఇరవై ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు. ఎదుటివాడి కాయని చంపితేగాని లోపలి గళ్ళలోకి పోనివ్వని ఇళ్ళున్నాయి, పోనిచ్చే ఇళ్ళున్నాయి. కొందరు ఏడు గళ్ళ పటం కూడా గీసేవారు. అవీ మార్పులే. కాకపోతే అవి అరుగు మీద కూర్చున్నవాళ్ళు పోట్లాడుకుని పెట్టుకున్నవి, సుద్దముక్క ఖర్చుతో.

మూడోది మా ఆవిడ వేసిన ప్రశ్న, గట్టిది: "సంక్రాంతికి మీ అమ్మగారు బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ పెడతారుగా, అదేం ఎక్స్‌పాన్షన్ కాదా?" నిజమే, ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలన్నది ఆనవాయితీ. కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన మొన్న ప్లాస్టిక్ మెట్రో రైలు కూడా చేరింది. కొలువుకి ఏం నష్టం రాలేదు, ఎందుకంటే కొలువు చూడ్డానికి. వచ్చినవాళ్ళు చూస్తారు, బాగుందంటారు, శనగలు తీసుకుని వెళ్తారు. ఏనుగు రూల్స్ ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నా అభ్యంతరం సరిగ్గా అదే. మనం ఎవర్‌డెల్‌ని కొలువు చేసేశాం. మెట్లు మెట్లుగా పేర్చి, ఫొటో తీసి, చూడ్డానికొచ్చినవాళ్ళ చేత బాగుందనిపించుకుంటున్నాం. ఆడేవాళ్ళేరీ?

ఎక్స్‌పాన్షన్లన్నీ దండగ అనడం లేదు. 2008లో వచ్చిన డొమినియన్‌కి పదికి పైగా ఉన్నాయి. అయినా ఏ ఆటకైనా మధ్యలో పరిచే రాజ్యం కార్డులు పది రకాలే. కొత్తది రావాలంటే పాతది లేవాలి. బల్ల పెరగదు, వంతు సాగదు. నా కొలమానం ఇదే: ఒకటి తీసి ఒకటి పెడితే మార్పు, తియ్యకుండా పెడుతూ పోతే పోగు. ఎవర్‌డెల్ ఎక్స్‌పాన్షన్లలో ఎక్కువ భాగం పోగే. విచిత్రమేంటంటే, మన ఊరికి పదిహేను చోట్లే అని పట్టుబట్టిన ఆట, తన పెట్టెకి మాత్రం ఆ రూలు పెట్టుకోలేదు. 2024లో ఇద్దరి కోసం ఎవర్‌డెల్ డ్యుయో అని వాళ్ళే ఒక చిన్న ఆట తెచ్చారు. చిన్నది కావాలని అడిగేవాళ్ళున్నారని వాళ్ళకీ తెలిసినట్టే.

కాబట్టి తర్వాతి పెట్టె ఆర్డర్ పెట్టేముందు ఒక్క లెక్క చూసుకోండి. కిందటి పెట్టె కొన్నాక మీ బల్ల చుట్టూ మనుషులు పెరిగారా, తగ్గారా? పెరిగుంటే కొనండి, నాదేం పోయింది. తగ్గుంటే మీకు కావాల్సింది ఆ పెట్టెలో లేదు, పక్కగదిలో టీవీ చూస్తోంది.

నేను ఐదు పెట్టెలూ కట్టగట్టి బీరువా మీద పడేసి, ఈ సంక్రాంతికి పాత ఆట ఒక్కటే బల్ల మీద పెట్టి అమ్మని పిలిచాను. వచ్చింది. కూర్చోలేదు. పెట్టె మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి వెతికింది.

"ముత్యాలు లేవుగా?" అంది.

లేవన్నాను. అప్పుడు కుర్చీ లాక్కుంది.