నోటిఫికేషన్ లేని రిజర్వేషన్

కేంద్ర బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ వ్యయ నియంత్రణకు ప్రశంసలు దక్కుతాయి. ప్రభుత్వ ఖర్చును సమర్థించేవారే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది. నేను ఆ ఖర్చును సమర్థిస్తాను. పాలక పక్షాన్ని సమర్థించడం వేరు, ప్రజాసేవలు అందించగల రాజ్య సామర్థ్యాన్ని సమర్థించడం వేరు.

పార్లమెంటుకు కేంద్రం ఇచ్చిన లెక్క ప్రకారం 2021 మార్చి 1 నాటికి మంజూరైన 40.35 లక్షల పోస్టుల్లో 9.79 లక్షలు ఖాళీ. అఖిల భారత బహిరంగ పోటీ నియామకాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం వాటా ఉంది. ఖాళీలన్నీ ప్రత్యక్ష నియామకాలవి కాకపోవచ్చు. అయినా నష్టపోయేది ఎవరో తెలుస్తూనే ఉంది.

భర్తీ కాని రిజర్వుడు పోస్టులను 50 శాతం పరిమితితో నిమిత్తం లేకుండా తర్వాతి సంవత్సరాలకు కొనసాగించేందుకు 2000లో 81వ సవరణ 16(4బి) అధికరణను తెచ్చింది. అయితే ఒక పోస్టు బ్యాక్‌లాగ్ కావాలంటే అంతకుముందు దాని భర్తీకి ప్రయత్నం జరిగి ఉండాలి. నోటిఫికేషనే రాకపోతే బ్యాక్‌లాగూ లేదు. హక్కును రద్దు చేయనక్కరలేదు. ఫైలు కదలకుంటే చాలు.

ఖజానాకు శక్తి లేదంటారు. 2019 సెప్టెంబరులో, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్నును 22 శాతానికి తగ్గించారు. నాటి రాయితీలతో ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడీ బెంగ కనిపించలేదు!

ఔట్‌సోర్సింగ్‌తో ఊడ్చే పని ఆగలేదు, ఊడ్చేవారి కులమూ పెద్దగా మారలేదు. పోయింది పింఛను, ఉద్యోగ భద్రత. ప్రతి శాఖా తన పద్దుతోపాటు వర్గాలవారీ ఖాళీలను, నోటిఫికేషన్ తేదీని ప్రకటించాలని విద్యార్థి సంఘాలు వచ్చే బడ్జెట్‌కు ముందే పట్టుబట్టాలి.