చిరుతను తరిమితే భయం పోతుందా?

పిల్లలూ! 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవి దగ్గర, తరువాత కడియం నర్సరీల్లో చిరుతపులి జాడలు కనిపించినప్పుడు మన రామచంద్రపురంలో కూడా ఎక్కడ విన్నా అదే కబురు. "కాల్చి పారేస్తే పీడ పోతుంది కదండీ మాస్టారూ!" అన్నాడు మా తరగతిలో ఒక కుర్రాడు.

వాడి భయాన్ని నేను తప్పు పట్టను. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైంది. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చిన జంతువును పట్టుకోవలసిందే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అందుకు వీలిస్తుంది. కాని కనిపించిన ప్రతి చిరుతా నరభక్షకి కాదు.

మహారాష్ట్రలోని జున్నరు ప్రాంతంలో 2001 తరువాత చిరుతలను పట్టి వేరేచోట అడవుల్లో వదిలారు. మనుషుల మీద దాడులు తగ్గలేదు సరికదా, పెరిగాయి! పట్టుబడిన బెదురు, తెలియని చోటు ఇందుకు కారణాలు కావచ్చని పరిశోధకులు భావించారు.

మరి చిరుత ఊరివైపు ఎందుకు వస్తుంది? అడవిలో దాని తిండి దుప్పులు, అడవిపందులు. "అయ్యో, జింకల్ని తినేస్తోందే!" అని జాలిపడే మనుషులే ఉచ్చులు పన్ని వాటిని కాజేస్తే, అది కుక్కల కోసం, దూడల కోసం ఊరిబాట పడుతుంది. ఊరిచివర చెత్తకుప్పలు కుక్కలను పెంచుతాయి; ఆ కుక్కలు చిరుతను రప్పిస్తాయి. ఇదీ ఆహారపు గొలుసే!

అందుచేత నా మాట ఇది: తుపాకీ తీసేముందు ఉచ్చులు తియ్యాలి, చెత్త తియ్యాలి. చిరుత తిరిగే చోట చీకటిపడ్డాక పిల్లలను ఒంటరిగా పంపకూడదు.

ఆ కుర్రాడు ఇంకా ఒప్పుకోలేదు. మీరేమంటారు? కారణాలు చూపి వాదించండి, నేనూ వింటాను.