మనోవ్యాధికి మందును, దినచర్యయు

జ్వరము వచ్చినచో వైద్యునికడకు పరుగెత్తు మన రైతులు, మనస్సునకు జబ్బు చేసినపుడు మాత్రము గాలి సోకినదనియో, సోమరితనమనియో చెప్పుకొని కాలము గడుపుచున్నారు. కష్టపడి పనిచేసిన అన్నియు సర్దుకొనునను పెద్దల మాటలో కొంత సత్యము లేకపోలేదు. శరీరశ్రమ, వేళకు భోజనము, నలుగురితో మాట, ఇవి క్రుంగిన మనస్సునకు ఊతయగునని వైద్యులును ఒప్పుకొనుచున్నారు. కాని ఇవి మందునకు తోడే గాని మాఱు కావు.

నిద్రను గూర్చి విశేషముగా చెప్పవలెను. ఒకప్పుడు మితిమీఱిన ఉద్రేకము, మఱియొకప్పుడు క్రుంగుబాటు కలుగు వ్యాధియందు కొన్ని రాత్రులు నిద్ర చెడినచో జబ్బు తిరుగబెట్టుట కలదు. రాత్రివేళ నీరు కట్టుటయు, కళ్ళమువద్ద కావలియు మనకు తప్పని పనులు. అట్టి రోగి యున్న యింట వీనిని అన్నదమ్ములలో మఱియొకరు మీద వేసికొనవలెను. ఈ వ్యాధికి లిథియము అను మందు వాడువారు ఎండలో పనిచేయునపుడు నీరు చాలినంత త్రాగవలెను. ఉప్పును ఒక్కసారిగా మానరాదు. ఇవి తగ్గినచో మందు రక్తమున పేరుకొని వణకు, వాంతులు, తూలుట పుట్టించును. అపుడు వెంటనే వైద్యుని చూడవలెను. పత్యము పేరిట ఉప్పు మాన్పించు మన యిండ్లలో ఈ మాట ఎవరును చెప్పగా మేము వినలేదు.

కల్లు సారాయముల సంగతి పెంచి వ్రాయ నక్కఱలేదు. త్రాగిన నిద్ర వచ్చినట్లే తోచును గాని నడిరేయి చెడును. అయితే దినమును విశేషముగా త్రాగువారు హఠాత్తుగా మానిన మూర్ఛలు రావచ్చును గనుక వైద్యునికి చెప్పియే మానవలెను.

క్రుంగుబాటు మందులు గుణమిచ్చుటకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. నారు పోసి నాటువఱకు ఓపికపట్టు రైతు మందునకంత గడువీయడేమి? 2017 నాటి మానసికారోగ్య చట్టము ప్రభుత్వ వైద్యమును రోగికి హక్కుగా నొసగినది. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలిమానస్‌కు, 14416 సంఖ్యపై, రేయింబవళ్ళు తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.

ఇందు సంఘమునకు పనియేమని కొందఱడుగవచ్చును. బాకీదారుని పేరు నలుగురిలో చదువుట వసూలునకు సాధనమని తలంచువారున్నారు. మేము దానికి సమ్మతింపము. అప్పుభారమున నిద్రమాని, మనుష్యులను తప్పించుకొని తిరుగు సభ్యుని యింటికి కార్యదర్శి నోటీసుతో గాక మాటతో వెళ్ళవలెను. గడువు పొడిగింపునకు దరఖాస్తు వ్రాయించి, ఆస్పత్రికి తోడు పంపవలెను. పురుగుమందులను ఇండ్లలో నుంచక సంఘపు గిడ్డంగిలో తాళమువేసి యుంచు ఏర్పాటును వచ్చు పాలకవర్గ సమావేశమున చర్చకు తెచ్చుచున్నాము. తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో సభ్యులు తమ యభిప్రాయములను ముందుగా వ్రాసి పంపగోరెదము.