టిబెట్ కత్తికి ఒక్క వయసు చెప్పకండి

మా బరంపురం వైపు తెలుగిళ్లకి టిబెట్ వాళ్లు కొత్తేమీ కాదు. 1963 నుంచీ గజపతి జిల్లా చంద్రగిరిలో వాళ్ల క్యాంపులున్నాయి. అందుకేనేమో, ఎక్కడైనా టిబెట్ కత్తి కనబడితే చాలు, మనవాళ్లు "మూడొందల ఏళ్లది" అనేస్తారు. ఎలా తెలుసంటే "చూస్తే తెలీడం లేదా?" అని ఎదురు ప్రశ్న. తెలీదండీ. ఆ తీర్పు మీదే మా పేచీ.

కత్తంటే అలుగు, పిడి, ఒర. మూడిటికీ మూడు వయసులుండొచ్చు. టిబెట్‌లో మంచి అలుగు తరతరాలు చేతులు మారేది. పిడి పాడైతే కొత్త పిడి, ఒర విరిగితే కొత్త ఒర. ఒర మీది పగడాలు, ఫిరోజా రాళ్లు చూసి అలుగు వయసు కట్టడమంటే, చొక్కా చూసి తాతగారి వయసు చెప్పడమే.

పోనీ, అలుగునే చూద్దాం. అక్కడి కమ్మరులు మెత్తని ఇనుమూ గట్టి ఇనుమూ కలిపి సాగగొట్టేవారు. అందుకే అలుగు పొడవునా లేత, ముదురు చారలు కనిపిస్తాయి. చాలావాటిలో ఆ చారలు కొన దగ్గర తలపిన్నులా మలుపు తిరుగుతాయి. దాన్నిబట్టి పనితనం టిబెట్‌దని అనొచ్చు. ఏ శతాబ్దమో చెప్పలేం, ఎందుకంటే ఆ పద్ధతి శతాబ్దాల పాటు నడిచింది.

"కార్బన్ పరీక్ష ఉందిగా" అంటారు. ఒరలోని చెక్కకి చేయిస్తే ఆ చెట్టు ఎప్పటిదో తెలుస్తుంది, అలుగు సంగతి కాదు. పైగా 1650 తర్వాతి వాటికి ఆ పరీక్ష ఒక్క జవాబివ్వదు, రెండు మూడు కాలాలు చూపిస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2006లో టిబెట్ ఆయుధాల మీద పెద్ద ప్రదర్శనే పెట్టింది. అంతటి వాళ్లే చాలా కత్తులకి "18–19 శతాబ్దాలు" అని రాసి ఊరుకుంటారు. మనకెందుకండీ అంత ధీమా?

ఇంకో ఘోరం, దసరా ఆయుధపూజకని చింతపండు, గరుకు కాగితం పెట్టి తళతళలాడేలా తోమెయ్యడం. చారలు, పాత తుప్పు, సానపట్టిన గుర్తులు, అన్నీ పోతాయి. ఉన్న కాస్త సాక్ష్యమూ మనమే కడిగేసి, ఆనక వయసు ఊహించి చెబుతాం. పూజకి పసుపు కుంకుమలు ఒర మీద పెట్టండి, చాలు.

1959లో, ఆ తర్వాత సరిహద్దు దాటి వచ్చిన పెద్దవాళ్లు కొద్దిమందే మిగిలారు. కత్తి మీ ఇంట ఉంటే ఎవరు అమ్మారు, ఏ ఊరి నుంచి తెచ్చారు, పిడి ఎప్పుడు మార్పించారు, ఇవి అడిగి కాగితం మీద రాసిపెట్టండి. ఆ ఊరి పేరు ఒక్కటి దొరికినా, మనం గొప్పకి చెప్పుకునే మూడొందల ఏళ్లకన్నా విలువైనది. అడగాల్సినవాళ్లు పోయాక ఆ పేరు ఏ పరీక్షకీ దొరకదు.