శరణన్నవాడిని విడువని వేములవాడ రాజు

వేములవాడ వెళ్ళివచ్చినవారు మన ఇళ్ళలో చాలామందే ఉంటారు. ధర్మగుండంలో స్నానం చేసి, రాజన్నకు కోడెను కట్టి, ప్రసాదం మూట గట్టుకుని బస్సు వేళకు బయలుదేరుతారు. పిల్లలు బొమ్మల కొట్ల దగ్గర మారాం చేస్తారు. ఆ సందడిలో, "ఈ ఊరు ఒకప్పుడు రాజధాని సుమా!" అని పిల్లలకు చెప్పే పెద్దలు మాత్రం తక్కువ.

చాళుక్యులలో ఒక శాఖవారు మొదట బోధనులోనూ, తరువాత ఇక్కడా ఉండి సుమారు రెండువందల ఏండ్లు ఈ సీమను పాలించారు. శాసనాలలో వేములవాడ పేరు లేంబులవాటక. వీరు స్వతంత్రులు కారు. మాన్యఖేటంలోని రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులు. సామంతులైనా సామాన్యులు కారు. వీరిలో బద్దెగ అనే ఆయన నలభైరెండు యుద్ధాలు చేసి 'సోలదగండడు', అంటే ఓటమి ఎరుగని వీరుడు, అని బిరుదు పొందాడు. ఆయన మునిమనుమడే మన కథానాయకుడు, రెండవ అరికేసరి.

అరికేసరి తండ్రి నరసింహుడు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుడు ఉత్తరదేశం మీదికి దండెత్తినప్పుడు నరసింహుడు వెంట నడిచి, కనోజి రాజు మహీపాలుణ్ణి పారద్రోలి, తన గుర్రాలను గంగలో కడిగించాడట. అటువంటి సేవకు బహుమానం ఊరక పోతుందా? చక్రవర్తుల ఇంటికీ సామంతుల ఇంటికీ వియ్యం కుదిరింది. రాష్ట్రకూటుల ఆడపడుచు రేవకనిర్మడి అరికేసరికి ఇల్లాలై వేములవాడకు వచ్చింది. లోకాంబిక అని ఆయనకు మరొక రాణి కూడా ఉన్నది.

ఇంతవరకూ అంతా శుభమే. చిక్కంతా ఇంద్రుడి తరువాత వచ్చింది. ఆయన కుమారుడు నాలుగవ గోవిందుడు సింహాసనం ఎక్కాడు. విలాసాలలో పడి రాజ్యం మరచాడని తరువాతి రాష్ట్రకూటుల శాసనాలే చెబుతున్నాయి. ఆ గోవిందుడి ఆగ్రహానికి గురైన విజయాదిత్యుడనే చాళుక్య వంశీయుడొకడు పరుగెత్తుకు వచ్చి అరికేసరిని శరణు వేడాడు. వాణ్ణి తనకు అప్పగించమన్నాడు చక్రవర్తి.

ఆ క్షణంలో అరికేసరి స్థితి ఆలోచించండి. ఒకవంక ఏలినవాడి ఆజ్ఞ, పైగా అది భార్య పుట్టినింటి ఆజ్ఞ. మరొకవంక, గుమ్మంలో నిలబడి చేతులు జోడించిన మనిషి. అప్పగించి ఉంటే అరికేసరిని తప్పుపట్టేవాడు లేడు. సామంత ధర్మం అదే మరి! కాని ఆయన అప్పగించలేదు. చక్రవర్తి పంపిన సామంతుల సేనలను ఎదిరించి గెలిచాడు. పుట్టినింటికీ మెట్టినింటికీ నడుమ కత్తులు దూసుకుంటే ఆ ఇల్లాలి మనసు ఎట్లా ఉంటుందో మన ఆడపడుచులకు వేరే చెప్పనక్కరలేదు.

అంతటితో ఆగలేదు. 935 ప్రాంతంలో గోవిందుడి సింహాసనమే కదలిపోయింది. గెలిచిన అరికేసరి దానిమీద తాను కూర్చోలేదు. గోవిందుడి పినతండ్రిని పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన పేరు కూడా బద్దెగే, మూడవ అమోఘవర్షుడని బిరుదు. ఇదంతా ఆస్థానకవి పొగడ్త కాదా అని మీరు అడగవచ్చు. సామంతులందరూ వచ్చి వంశాన్ని నిలబెట్టమని ప్రార్థిస్తేనే అమోఘవర్షుడు రాజ్యం స్వీకరించాడని ఆయన కుమారుడు 940లో వేయించిన దేవళీ శాసనం కూడా చెబుతున్నది.

ఇక ఆ ఆస్థానకవి సామాన్యుడు కాడు. కన్నడ ఆదికవి పంపడు. ఆయన పూర్వులు వేంగినాటివారు. 941లో పంపడు భారతకథను కన్నడంలో వ్రాస్తూ, అర్జునుణ్ణీ అరికేసరినీ ఒక్కరినే చేశాడు. మరి ఏలిక భార్యకు అయిదుగురు భర్తలంటే బాగుంటుందా? అందుకని ద్రౌపది అర్జునుడికి మాత్రమే భార్య అయింది. చివర పట్టాభిషేకం ధర్మరాజుకు కాక, సుభద్రతో కూడిన అర్జునుడికే జరిగింది! మన నన్నయ భట్టు భారతం మొదలుపెట్టడానికి సుమారు నూరేండ్ల ముందటి ముచ్చట ఇది.

కవి శ్రమకు ప్రతిఫలంగా రాజు ధర్మవురమనే అగ్రహారం ఇచ్చాడు. అది నేటి ధర్మపురేనని పండితులలో పలువురి అభిప్రాయం. ఈ సంగతి పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగరం జిల్లా గంగాధర దగ్గర, కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ ఆ రాతిమీద ఉన్నాయి. తెలుగు భాగంలోనివి కందపద్యాలు. మనకు దొరికిన కందాలలో అవే మొదటివి. తాను కట్టించిన వసతి, తవ్వించిన చెరువు, వేయించిన తోట గురించి కూడా జినవల్లభుడు వ్రాయించుకున్నాడు. చెరువుకు పెట్టిన పేరు అన్నగారి బిరుదే: కవితాగుణార్ణవం.

అరికేసరి తరువాత కుమారులు వాగరాజు, రెండవ బద్దెగ ఏలారు. 959లో సోమదేవసూరి యశస్తిలక చంపువు ముగించినది వాగరాజు కాలంలోనే. 966లో మనుమడు మూడవ అరికేసరి ఆ సోమదేవుడికే ఒక గ్రామం దానం చేశాడు. 973లో రాష్ట్రకూట సామ్రాజ్యం కూలింది. చెట్టు పడితే తీగ నిలుస్తుందా? వేములవాడ వంశం కూడా కనుమరుగైంది.

రాజ్యం పోయింది, కోట పోయింది. శరణన్నవాడిని విడువలేదన్న మాట మాత్రం ఒక కావ్యంలో నిలిచింది. ఆ కావ్యానికి ముట్టిన బహుమానం లెక్క ఒక గుట్టమీద నిలిచింది. గ్రానైటు కోసం కరీంనగరం గుట్టలు కరిగిపోతున్న రోజులివి. ఈసారి రాజన్న దర్శనానికి వెళ్ళినప్పుడు, వీలైతే పిల్లలను కురిక్యాల దాకా తీసుకువెళ్ళండి. ఆ అక్షరాలు చూసిన పిల్లవాడు రేపు ఆ గుట్టమీదికి గునపం ఎత్తనివ్వడు.