అప్పు ఎవరిది? కడుతున్నది ఎవరు?

పోయిన నెల నాంపల్లిలో ఒక రీడింగ్ రూమ్‌లో తమ్ముళ్లు, చెల్లెళ్లు మాక్ జీడీ పెట్టుకుని నన్నూ కూర్చోమన్నారు. టాపిక్: ఆఫ్రికా పేద దేశాల విదేశీ అప్పులు రద్దు చేయాలా? మొదటి నిమిషంలోనే ఒక కుర్రాడు తేల్చేశాడు. "తీసుకున్నోళ్లు కట్టాలి. అంతే!" అందరూ తలలూపారు. చర్చ అక్కడితో ఆగిపోయింది.

బీటెక్ లోన్‌కి ఐదేళ్లు ఈఎంఐ కట్టినవాడిని కాబట్టి నాకూ ముందు అదే కరెక్ట్ అనిపించింది. కానీ ఆ కాగితం మీద సంతకం నాది, చదువు నాది, వచ్చిన జీతమూ నాదే. దేశాల అప్పులు అన్నీ అలా ఉండవు.

మన ఊరి కథే చూడండి. ఆబిడ్స్ నుంచి కోఠీ వైపు నడిస్తే పాత బ్రిటిష్ రెసిడెన్సీ కనిపిస్తుంది. ఆ రోజుల్లో 'హైదరాబాద్ కంటింజెంట్' అనే సైన్యం ఉండేది. ఖర్చు నిజాం ఖజానాది, ఆఫీసర్లు మాత్రం బ్రిటిష్‌వాళ్లు. ఆ జీతాల బకాయిలే అప్పుగా పేరుకున్నాయి. 1853లో డల్హౌసీ హయాంలో ఈస్టిండియా కంపెనీ ఆ బాకీ చూపించి, పత్తి పండే బేరార్‌నీ రాయచూర్ ప్రాంతాన్నీ తన చేతిలోకి తీసుకుంది. 1857 తిరుగుబాటులో నిజాం బ్రిటిష్‌వాళ్ల పక్షాన నిలిచాడు. బహుమానంగా 1860లో 50 లక్షల రూపాయల బాకీ మాఫీ అయింది, రాయచూర్ తిరిగొచ్చింది. సాలార్ జంగ్ ఎంత ప్రయత్నించినా బేరార్ మాత్రం రాలేదు.

అంటే అప్పు లెక్క రాసిందీ వాళ్లే, మాఫీ చేసిందీ వాళ్లే. ఆ సైన్యం ఖర్చు గురించి పన్ను కట్టిన రైతును ఒక్కరూ అడగలేదు.

జైర్‌లో (ఇప్పటి కాంగో) ఇలాంటిదే జరిగింది. 1965 నుంచి 1997 దాకా ఏలిన మొబుటు దేశాన్ని దోచుకుంటున్నాడని తెలిసినా అప్పులిచ్చారు. ఆయన పోయాడు, బాకీ జనం నెత్తిన మిగిలింది.

రద్దు చేస్తే లాభం ఉందా? ఉంది. 1996లో మొదలైన హెచ్ఐపీసీ పథకం, 2005 జీ8 నిర్ణయం కలిపి పేద దేశాలకు పెద్ద ఊరటనిచ్చాయి. టాంజానియా 2001లో ప్రైమరీ స్కూల్ ఫీజులు ఎత్తేసింది. జాంబియా 2006లో పల్లెల్లో ప్రభుత్వ వైద్యానికి ఫీజు తీసేసింది. 2003 బడ్జెట్‌లో మన దేశం కూడా ఇలాంటి దేశాలకు అప్పు ఊరట ప్రకటించింది.

ఎదుటివాళ్ల వాదనలోనూ బలం ఉంది. దాన్ని దాచకండి. అదే జాంబియా 2012 నుంచి విదేశీ బాండ్లు అమ్మింది, చైనా దగ్గరా అప్పులు చేసింది, రాగి ధర పడిపోయాక ఇరుక్కుంది, 2020 నవంబర్‌లో కట్టలేక చేతులెత్తేసింది. ఒకసారి మాఫీ చేస్తే సరిపోదని దీంతో తేలిపోయింది.

అయినా నా ఓటు రద్దుకే. కాకపోతే అది 1860లోలాగా దయ తలచి ఇచ్చే బహుమానం కాకూడదు, రూల్ ప్రకారం జరగాలి. కొత్త అప్పు ఏదైనా ముందు పార్లమెంటులో, జనం ముందు పెట్టాలి. తిరిగి రాదని తెలిసీ ఇచ్చిన బ్యాంకు నష్టంలో వాటా మోయాలి. వడ్డీకి పోయే డబ్బు అక్కడి టీచర్ పోస్టుకీ నర్సు పోస్టుకీ పోని డబ్బే. నాంపల్లిలో సర్వీస్ కమిషన్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే మీకు ఖాళీ పోస్టు అంటే ఏంటో నేను చెప్పాలా?

రేపు జీడీలో ఈ టాపిక్ వస్తే వెంటనే తీర్పు చెప్పకండి. సంతకం ఎవరిది, డబ్బు ఎవరికి చేరింది, ఇప్పుడు ఎవరు కడుతున్నారు అని అడగండి. ఆ తర్వాత "కట్టాల్సిందే" అన్నా ఫర్వాలేదు. కనీసం ఎవరు కట్టాలంటున్నారో మీకు తెలిసి ఉంటుంది.